టికెట్ పెట్టిన పేజీ

సంగారెడ్డిలో ఒక దవాఖాన వార్డు మొత్తాన్ని నేను ఒక నవలతో నవ్వించాను. ఆడగొంతు, మగగొంతు, ముసలి ఇల్లుగలావిడ గొంతు, పోలీసు గొంతు, నాలుగూ నావే. చివరి అధ్యాయంలోకి వచ్చేసరికి ఇద్దరు నర్సులు మందుల ట్రే పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయారు. పక్కమంచం పెద్దమనిషి తన సెలైను అయిపోయిన సంగతి కూడా మరిచిపోయి వింటున్నాడు. మా ఆవిడ ముక్కుకు ఆక్సిజన్ గొట్టంతో పడుకుని ఉంది. గొడుగు విప్పగానే హీరో నెత్తిన నగలు జలజల రాలే చోట ఫక్కున నవ్వింది. ఆ నవ్వుకి గొట్టం జారితే నర్సు పరిగెత్తుకొచ్చి సరిచేసింది. మర్నాడు పొద్దున ఆమె పోయింది. పోతే పోయింది, కథ పూర్తిగా విని పోయింది.

ఈ ముక్క నేను చాలామందికి చెప్పాను. చెప్పిన ప్రతిసారీ వార్డులో ఒక మంచం పెరిగింది. మొదట్లో నర్సు ఒక్కతే.

ఎందుకు చెప్పవలసి వచ్చిందో చెబుతాను. మా కాలనీ పటాన్‌చెరుకు కాస్త ఇవతల, లక్డారం పోయే వైపు ఉంటుంది. ఇక్కడి బోరు నీళ్ళు బట్టలకూ గిన్నెలకూ తప్ప పనికిరావు. తాగే నీళ్ళకు అందరం డబ్బాలు పట్టుకుని ఫిల్టర్ నీళ్ళ ప్లాంటు దగ్గరికి పోవలసిందే. కరెంటు పోతే అక్కడే కూర్చోవాలి. ఆ కూర్చోవడంలో ఆడవాళ్ళకు నవలల అలవాటు పుట్టింది. సంగారెడ్డి బస్టాండు దగ్గర పాత పుస్తకాలు గుట్టగా పోసి అమ్ముతారు. ఎవరు ఆ వైపు వెళ్ళినా ఒక నవల తెస్తారు. ప్రేమ ఉండాలి, కొంచెం భయం ఉండాలి, ఎక్కువ ఏడుపు ఉండకూడదు. ఆ ఒక్క పుస్తకమే ఇల్లిల్లూ తిరుగుతుంది.

ఈ తిరుగుడుకి పెద్ద దిక్కు ఒక పంతులమ్మ. భర్త ఉద్యోగం కోసం ఎప్పుడో గోదావరి వైపు నుంచి వచ్చి, ఆయన రిటైరయ్యాక కూడా ఇక్కడే ఉండిపోయింది. ఆమె పెట్టిన నియమాలు రెండు. పుస్తకం తరువాతి ఇంటికి ఇచ్చేముందు ఒక్క వాక్యంలో అభిప్రాయం చెప్పాలి. దాన్ని ఆమె వెనక ఖాళీ కాగితం మీద పెన్సిలుతో రాస్తుంది. తెచ్చినవాళ్ళదే మొదటి వాక్యం. ఇక రెండోది, చివరి పేజీలు ముందు చూడకూడదు, చూసినవాళ్ళు చెప్పకూడదు. అది ఆమె లెక్కలో దొంగతనం. ఒకసారి ఎవరో హంతకుడి పేరు నీళ్ళ దగ్గర జారవిడిచినందుకు నెల రోజులు ఆ ఇంటికి పుస్తకం పోలేదు.

మా ఆవిడ అభిప్రాయం ఏ పుస్తకానికైనా ఒకటే. "ఆఖరుకు మంచిగనే అయితది." పంతులమ్మ ఆ వాక్యాన్ని మళ్ళీ మళ్ళీ రాయలేక, 'ఎప్పటిలాగే' అని రాయడం మొదలుపెట్టింది. నేను కూడా వెక్కిరించేవాడిని. ఇన్ని పుస్తకాలు చదివి చెప్పడానికి ఆ నాలుగు ముక్కలేనా అనేవాడిని. ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతూ, నీకేం తెలుసు పో అన్నట్టు చూసేది.

ఈ నవల తెచ్చింది ఆమే. దగ్గు తగ్గడం లేదని చూపించుకోవడానికి ఒక్కతే సంగారెడ్డి వెళ్ళి, వస్తూ కొనుక్కొచ్చింది. పసుపుపచ్చ అట్ట మీద సగం విప్పిన గొడుగు, గొడుగు వెనక రెండు జతల కాళ్ళు. ఆ తరువాత పది పదిహేను రోజులకు ఊపిరితిత్తుల్లో నీరు చేరిందని దవాఖానలో పెట్టుకున్నారు. నవల కూడా సంచిలో వెంట వెళ్ళింది. వారం తిరగకుండానే సంచి ఒక్కటే ఇంటికి వచ్చింది. అందులో స్టీలు గ్లాసు, తువ్వాలు, సగం వాడిన పండ్లపొడి, ఈ నవల ఉన్నాయి.

దినాలు అయ్యాయి. వచ్చినవాళ్ళు తిని వెళ్ళారు. కూతురు కొన్నాళ్ళుండి జహీరాబాద్ వెళ్ళిపోయింది. నాకు ఏడుపు రాలేదు. అందరూ ఏడ్చి నా వైపు చూసేవాళ్ళు. నేను ఫ్యాను వైపు చూసేవాడిని. అన్నంలో ఉప్పు ఉందో లేదో రెండో ముద్దకు కూడా తెలిసేది కాదు. స్నానానికి నీళ్ళు పెట్టుకుని, అవి మరిగి సగమయ్యాక గుర్తొచ్చేది. ఒంట్లో ఎక్కడా నొప్పి లేదు. అదే అర్థం కాలేదు.

అలాంటప్పుడు మా వెనక సందులో ఒకింటి కోడలుపిల్ల వచ్చింది. పాశమైలారంలో ఒక మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ సెక్షన్లో పనిచేస్తుంది. కంపెనీ బస్సులో పోతూ వస్తూ చదువుకుంటుంది. గుమ్మంలో నిలబడి చాలాసేపు చెప్పులు సర్దుకుని, చివరికి అడిగింది.

"పెద్దనాయనా, పెద్దమ్మ తాన బుక్కు ఉండెగద. తర్వాత వంతు నాది. ఇప్పుడే గావాలని కాదు."

పుస్తకం తీసి చూశాను. చివరి అధ్యాయం మొదటి పేజీలో ఒక బస్సు టికెట్ ఉంది. ఆడవాళ్ళకిచ్చే సున్నా రూపాయల టికెట్టు, సంగారెడ్డి నుంచి పటాన్‌చెరు. పెద్దమ్మ పూర్తి చేయలేదు, ఇంకొక్క అధ్యాయం మిగిలింది, రెండు రోజులాగి ఇస్తానన్నాను. ఆ పిల్ల తలూపి వెళ్ళిపోయింది. నేను ఎందుకలా అన్నానో నాకు తెలుసు. ఉద్యోగమంతా నేను ఫ్యాక్టరీ బాయిలర్ మీద చేశాను. బాయిలర్ మీది మనిషి తరువాతి షిఫ్టుకు రిలీవర్ వచ్చేదాకా కదలకూడదు. కదిలేముందు ఏ పని ఎంతవరకు అయిందో చెప్పి కదలాలి. సగంలో ఆగిన పని ఉంటే ఆ వాల్వుకు ఒక అట్టముక్క కట్టి పోవాలి. ఇక్కడిదాకా అయింది, ఇక్కడినుంచి నువ్వు చూసుకో అని దానికి అర్థం. ఆ టికెట్ నా కంటికి అట్టముక్కలాగే కనిపించింది. ఆమె షిఫ్టు దిగిపోయింది. రిలీవర్‌ని నేను.

వరండాలో కుర్చీ వేసుకుని మొదటినుంచీ చదివాను. సముద్రం పక్క ఊళ్ళో ఒక పోస్టాఫీసు గుమాస్తా పిల్ల మేడ మీద గది తీసుకుంటుంది. వారం వారం ఎవరో ఆమె గుమ్మం ముందు ఒక పొట్లం పెట్టిపోతుంటారు. ఒకసారి ఒంటి చెప్పు, ఒకసారి ఆవకాయ జాడీ, ఒకసారి గొడుగు. అదే సమయంలో ఊళ్ళో నగల దొంగతనం జరుగుతుంది. పక్కగదిలో దిగిన అబ్బాయి మీద అందరికీ అనుమానం, ఆ పిల్లకు మాత్రం ఇష్టం. చివర్లో పొట్లాలు పెట్టింది ఇల్లుగలావిడే అని తేలుతుంది. ఈ ఇద్దరూ ఎంతకీ మాట్లాడుకోవడం లేదని ఆమె చేసిన పన్నాగం. దొంగ దాచిన నగలు ఎవరికీ తెలియకుండా ఆ గొడుగులోనే ఉండిపోయాయి, వానలో విప్పేసరికి హీరో నెత్తిన పడ్డాయి. నవ్వవలసిన చోటు నాకు తెలుస్తూనే ఉంది. బాయిలర్ మీటరు చూసినట్టు చూశాను. ముల్లు కదలలేదు.

ఒక్కటి మాత్రం లోపల ఎక్కడో రాయిలా ఉండిపోయింది. ఆమె పోయేనాటికి ఆ గొడుగు ఎవరు పెట్టారో ఆమెకు తెలియదు.

పుస్తకం చంకలో పెట్టుకుని, డబ్బా పట్టుకుని ప్లాంటుకు వెళ్ళాను. పంతులమ్మ ఉంది, కోడలుపిల్ల ఉంది, ప్లాంటు పక్క కొట్లో మిషను కుట్టే మా మరదలు తలుపు దగ్గర కూర్చుని జాకెట్టుకు హుక్కులు కుడుతోంది. మరదలంటే మా ఆవిడ పుట్టింటి ఊరి మనిషి, వరుసకు చెల్లెలు. నన్ను బావా అంటుంది, ఆ వరుసకు తగ్గ మాటలూ అంటుంది.

పంతులమ్మ పుస్తకం తీసుకుని వెనక కాగితం తిప్పింది. తెల్లగా ఉంది. "ఏమన్నారండీ అన్నయ్యగారూ, ఆవిడ దీని గురించి?" అని అడిగింది. నేను డబ్బా మూత బిగించాను. ఆమె మెల్లగా, "పోనీలెండి, పూర్తి చేయలేదుగా పాపం. ఒక గీత పెట్టేసి వదిలేద్దాం," అని పెన్సిలు కాగితం మీద ఆనించింది.

ఆ గీత ఇంకా పడలేదు. పడబోతోంది. నా నోరు దానంతట అదే తెరుచుకుంది.

పూర్తి చేసింది అన్నాను. దవాఖానలో నేనే చదివి వినిపించానన్నాను. గొడుగు దగ్గర నవ్విందన్నాను. నర్సు అప్పుడే వచ్చింది. గొంతులు తరువాత వచ్చాయి, పక్కమంచం పెద్దమనిషి ఇంకో రెండు రోజులకు వచ్చాడు. పంతులమ్మ కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుని, మొదటి వరసలో రాసింది: 'చివర్లో నవ్వారు.' కోడలుపిల్ల ముక్కు ఎగబీల్చింది. మరదలు హుక్కు కుట్టిన దారం పంటితో తెంపింది. నేను నీళ్ళు నిండిన డబ్బా భుజానికెత్తుకుని వచ్చేశాను.

ఆ తరువాత ఆ నవలకు పట్టిన యోగం ఏ నవలకూ పట్టలేదు. కోడలుపిల్ల బస్సులో చదువుతూ గొడుగు పేజీ పక్కన 'పెద్దమ్మ ఇక్కడ నవ్వింది' అని పెన్నుతో రాసింది. ఇక ఆ పుస్తకం అందుకున్న ప్రతి ఒక్కరూ ఆ పేజీ కోసమే చదవడం మొదలుపెట్టారు. మామూలుగా మా ప్లాంటు అభిప్రాయాలు కరకరలాడుతుంటాయి. దీనికీ మొదట్లో అలాంటివి పడ్డాయి. ఊళ్ళో దొంగలు తిరుగుతుంటే ఆ పోరి గడియ పెట్టుకోదేంది అని ఒకామె. ఇంత మంచి అబ్బాయికి ఎవరూ పిల్లనివ్వకపోవడమే అసలు సస్పెన్స్ అని ఒకామె. కథానాయిక రెండొందల పేజీల్లో ఒక్కసారి కూడా వంట చేయలేదు, ఆవకాయ జాడీ వృథా అని పంతులమ్మ. రానురాను అవన్నీ పోయాయి. అందరూ గొడుగు గురించే చెప్పారు. ఆ పేజీకి వచ్చేసరికి కన్నీళ్ళు ఆగలేదని ఒకరు, నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయని ఒకరు. నెత్తిన నగలు పడే పిచ్చి హాస్యానికి కాలనీ అంతా కళ్ళు తుడుచుకుంది.

నాకు కూరలు వచ్చేవి. ఒక ఇంటినుంచి చింతచిగురు పప్పు, ఇంకో ఇంటినుంచి పులుసు. గిన్నె ఇస్తూ ఆ దవాఖాన సంగతి ఇంకోసారి చెప్పించుకునేవాళ్ళు. చెప్పేవాడిని. బాగా చెప్పేవాడిని. పోలీసు గొంతు నిజంగానే కుదిరింది. వాళ్ళ ముఖాలు కరగడం చూసేవాడిని. నా లోపల ఏదైనా కరుగుతుందేమోనని చూసేవాడిని. గిన్నె కడిగి తిరిగి ఇచ్చేవాడిని.

అసలు జరిగింది ఇది. ఆమె పోయే ముందురోజు మధ్యాహ్నం భోజనం చేసి బయలుదేరాను. ఇంటి తాళంచెవి మరదలికి ఇచ్చి, ఆమె మిషను దగ్గర నిలబడి మందుల చీటీ ఒకసారి చూసుకుని, బస్సు వస్తోందని పరిగెత్తాను. వార్డులో మా ఆవిడ పడుకుని ఉంది. పిలిచాను, పలకలేదు. సంచిలో నవల కనిపిస్తే తీసి, టికెట్ ఉన్న చోట తెరిచాను. అప్పుడు తెలిసింది కళ్ళద్దాలు లేవని. అక్షరాలన్నీ కలిసి బూడిదరంగు మరకలా ఉన్నాయి. చేయి చాచి దూరం పెట్టి చూశాను. అధ్యాయం నంబరు ఒక్కటి తెలిసింది, అది పెద్ద అక్షరాల్లో ఉంటుంది కనుక. నర్సు గుమ్మంలో నిలబడిన మాట నిజమే, కుర్చీ దారికి అడ్డం తీయమని చెప్పడానికి. పక్కమంచం పెద్దమనిషి సెలైను అయిపోయిన మాటా నిజమే, ఆయన నిద్రపోతున్నాడు. మా ఆవిడ నవ్వలేదు. ఆ మధ్యాహ్నం కళ్ళే తెరవలేదు. నేను పుస్తకం మూసి, కిందికి పోయి చాయ్ తాగాను. అక్కడ ఎవరో తన మోటార్‌సైకిల్ పోయిన కథ చెబుతుంటే నిలబడి అంతా విన్నాను. పైకి వచ్చేసరికి చూసే టైము అయిపోయిందన్నారు. ఇంటికి వచ్చేశాను.

అంతే. ఇంతకంటే పెద్దది చేయడానికి అందులో ఏమీ లేదు.

ఏడాది కావస్తుంటే పంతులమ్మ ఒక ఆలోచన చేసింది. ఏడాది మాసికం అయిన తరువాతి ఆదివారం, ప్లాంటు పక్క రేకుల షెడ్డులో కుర్చీలు వేసి, ఆ చివరి అధ్యాయం నా చేత చదివించాలని. దవాఖానలో చదివినట్టే, నాలుగు గొంతుల్లో. ఆ అధ్యాయం మొదటి పేజీ ఫొటోతో ఫోన్లలో గ్రూపుకు కూడా పెట్టేసింది. నేను సరే అన్నాను. ఇంటికి వచ్చి తలుపు వేసుకుని, ఫోన్లో ఆ పేజీ తెరిచి ఒక్క గొంతు ప్రయత్నించాను. అధ్యాయం నంబరు చదివి ఆగిపోయాను. తరువాతి వరస కళ్ళ ముందే ఉంది. అద్దాలు ఉన్నాయి. గొంతు లేదు.

పుస్తకం అప్పటికి చివరి వంతుగా మరదలి దగ్గరికి పోయి, చాలా రోజులుగా అక్కడే ఉంది. ఆదివారానికి తేవాలి కదా అని శనివారం సాయంత్రం ఆమే తెచ్చింది. వరండా మెట్టు మీద కూర్చుని, మంచినీళ్ళు అడిగి తాగింది.

"బావా, రేపు నాలుగు గొంతులల్ల సదువుతవట గద," అంది.

గొంతు పట్టేసిందన్నాను.

"గొంతు సంగతి తర్వాత. ఆ దినం నీ అద్దాలు నా మిషను మీదనే ఉండె. పొద్దుగూకినంక వచ్చి తీస్కపోయినవ్. ఏం వెట్టి సదివినవ్?"

నేను గోడ వైపు చూశాను. ఆ రోజు ఆమె అద్దాలు తీసి నా చేతికిచ్చిన సంగతి నాకు గుర్తే లేదు. ఏడాదంతా ఎందుకు ఊరుకున్నావని అడిగాను.

"ఇంటింటి నుంచి కూర వస్తుండె. తింటుంటివి. నేనెందుకు చెడగొట్టాలె?"

అప్పుడు, ఎవరికీ చెప్పని మాట ఒకటి ఆమెకు చెప్పాను. అబద్ధం ఆడినందుకు బాధ లేదు, అది నాకు అలవాటే.

"సదవకపోతి నేను. గదొక్కటే. ఇంకొక్క పాఠం ఉండె, గంతే. ఆ గొడుగు ఎవరు పెట్టిన్రో తెల్వకుంటనే పోయింది మీ అక్క."

మాట బయటికి వచ్చాక చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఖాళీ గ్లాసు తీసుకుని పట్టుకున్నాను. మరదలు పుస్తకం తెరిచి టికెట్ బయటికి లాగింది. ఏడాదిగా ఎవరి చేతుల్లోకి వెళ్ళినా అందరూ దాన్ని అదే పేజీలో తిరిగి పెడుతూ వచ్చారు. అచ్చు ఎగిరిపోయి తెల్ల కాగితమైంది. ఆమె దాన్ని వెలుతురుకు పట్టి చూసి, నా వైపు చూసింది. జాలి ఏమీ లేదు ఆ చూపులో. కొలత తప్పిన జాకెట్టును చూసినట్టు చూసింది.

"తెల్వకుంట పోయిందని నీకెవరు చెప్పిన్రు? అక్క ఏ పుస్తకం తెచ్చినా ముందుగాల ఆఖరి పాఠమే సదివేది. ఆఖరుకు ఎవరన్న సస్తే ఇగ ఆ పుస్తకం ముట్టకపోయేది. పంతులమ్మకు తెలిస్తే లొల్లి అయితదని నాకొక్కదానికే చెప్పేది. ఇది తెచ్చిన దినం బస్సు దిగి సీదా నా తానకే వచ్చింది. నా మిషను పక్కకే కూసోని సదివి, ఇల్లుగలామెనే అని చెప్పి నా మజా గూడ ఖరాబ్ చేసింది. నవ్వుడు గూడ నవ్వలే. గొడుగుల నగలు ఎవడన్న దాస్తడానే అని తిట్టింది. టికెట్టు ఆమె ఆగిన కాడ పెట్టలే బావా, మొదలుపెట్టిన కాడ పెట్టింది. ఆమెకు మిగిలింది ఆఖరుది గాదు, ముందటిదంత. రేపు సదివేదుంటే గది సదువు."